నలభై ఊలు

అందరూ రచయితలయ్యాక వినేవాళ్ళకు కరువొచ్చింది. మిషన్లు కథలు రాసిపెడతాయి గానీ, మిషన్ కొట్టే "ఊ" చెల్లదని రచయితల మండలి రూలు. కథ రిజిస్టరు కావాలంటే మనిషి నోట నలభై ఊలు పడాలి. అందుకే విజయనగరంలో టైలరింగ్ మానేసిన వరహాలమ్మ ఇప్పుడు ఊ కొట్టే ఉద్యోగం చేస్తోంది.

ఆ పూట వచ్చిన ఇందుశేఖర్ అప్పటికే మూడుసార్లు నలభై ఊలు దక్కక తప్పాడు. అతను మిషన్ రాసిన కథ చదువుతుంటే, వరహాలమ్మ చేటలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఊ కొట్టింది. బల్ల మీద ఊలు లెక్కించే పెట్టె ఒక్కొక్కటే ఎక్కించుకుంది. పంతొమ్మిదో ఊ ఆవులింతలో కలిసిపోయింది.

"బాగోలేదాండీ?"

"నాకేటి తెల్సు బాబూ. సదువు. ఊ."

అతను కాగితాలు మడిచేశాడు.

"మా నాన్న బస్సు కండక్టరండీ. రిటైరయ్యాక మతి తప్పింది. వంటింట్లోకి వెళ్ళాలన్నా మా అమ్మని టిక్కెట్ అడిగేవాడు. ఒకరోజు అమ్మ విసుగొచ్చి, చిల్లర లేదంది."

వరహాలమ్మ చేతులు ఆగిపోయాయి.

"దిగిపొమ్మన్నాడు," అన్నాడు ఇందుశేఖర్.

వరహాలమ్మ నోరు తెరిచింది గానీ ఊ రాలేదు. లెక్కల పెట్టె ఎర్రగా వెలిగింది. "నిమిషంగా ఊ లేదు. కథ తిరస్కరించడమైనది."

"నువ్వుండెహె," అని వరహాలమ్మ చిక్కుడుకాయలు కింద పోసి, చేట తెచ్చి పెట్టె మీద బోర్లించింది.

"దిగిపోనాదేటి మీయమ్మ? సెప్పు బాబూ!"