అమ్మా అంటే ఆగే మంచం

అందరిళ్ళలో ఉన్నట్టే హైమవతి ఇంట్లోనూ ఒళ్ళు పట్టే మంచం ఉంది. దాని మీద పడుకుంటే ఆమెకిప్పుడు హాయీ తెలియదు, బాధా తెలియదు. ఒళ్ళు పట్టించుకోకపోతే మాత్రం మర్నాడు పనికి లేవలేకపోతుంది, అంతే.

"అమ్మా" అని వినబడితే చాలు, నొప్పెట్టిందనుకుని మంచం ఆగిపోతుంది. ఐదేళ్ళ కూతురు ఇందుజ పిలిచినప్పుడల్లా ఆగేది. విసుగెత్తి, "నేను పడుకున్నప్పుడు పేరు పెట్టి పిలవవే తల్లీ" అని నేర్పింది హైమవతి.

ఈ సాయంత్రం వంటింటి తలుపు సందులో ఇందుజ వేళ్ళు నలిగాయి.

"హైమవతీ!" అని కెవ్వుమంది పిల్ల.

మంచం ఆగలేదు.

"ఆఁ, వస్తున్నా" అంది హైమవతి, కళ్ళు తెరవకుండానే. ఇంకా నడుము వంతు రాలేదు.