డ్యాష్‌బోర్డు మీద పగులు

“ఏటండీ ఈ పని!”

జ్యోతిర్మయి అరుపుకి పూర్ణా మార్కెట్ వెనక సందంతా ఇటు తిరిగింది.

కారులో పని చేస్తున్న ముసలాయన చేతిలో స్క్రూడ్రైవర్ మళ్లీ జారి, అంబాసిడర్ కొత్త డ్యాష్‌బోర్డు ప్యాడ్ మీద పొడుగ్గా గీత పడింది.

ఆ ప్యాడ్ కోసం ఆమె పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. అంబాసిడర్లే రోడ్డెక్కని రోజుల్లో వాటి సామాన్లు ఎవడమ్ముతాడు? ఊరంతా గాలించి, చివరికి కలకత్తా నుంచి తెప్పించింది.

తెల్లారితే నాన్న సన్యాసిరాజు షష్టిపూర్తి. ఈ కారులోనే సింహాచలం వెళ్లాలి. ఆ రోజు ఆయన కళ్లముందు పాత ప్యాడ్ మీది ఆ దిక్కుమాలిన పగులు ఉండకూడదని ఆమె పంతం.

బాగు చేయిద్దామని ఎప్పుడన్నా నాన్నది ఒకటే మాట, “ఉండనీయే” అని. ఎండకీ ఉప్పుగాలికీ పగిలిన ప్యాడ్‌ని మార్చడానికి కూడా చేతులు రాని పిసినారి అనుకునేది.

“ముజీబ్ గారూ! మీ షాపులో ఈయన తప్ప మనుషులే లేరా?”

సీటు కవర్ల షాపు యజమాని ముజీబ్ పరిగెత్తుకొచ్చాడు.

“గఫూర్ చాచా ఒకప్పుడు సీట్లు కుట్టడంలో మొనగాడు మేడమ్. వేళ్లు వంగిపోయాక ఏదో సాయంగా ఉంటన్నాడు. ఇయాల మీ బండి చూసి, ఈ పని నానే సేత్తానని పట్టుబట్టినాడు. ఎప్పుడూ అలా అడగనేదు.”

గఫూర్ ఇదేదీ పట్టనట్టు, ఊడదీసిన పాత ప్యాడ్ ఒళ్లో పెట్టుకుని పగులు తడుముతున్నాడు.

“నాన్నగారి బండేనా అమ్మా?”

“నా చిన్నప్పట్నుంచీ మాదే. అయితే ఏటి?”

“మీకు తలనొప్పులేటైనా వస్తంటాయా?”

జ్యోతిర్మయికి ఒళ్లు మండిపోయింది.

“ఇన్నేళ్లలో ఎప్పుడూ రాలేదు. ఇవాళ మీ వల్లే వస్తోంది!”

గఫూర్ ముఖం విప్పారింది. తిడుతుంటే నవ్వే మనిషిని చూసి ఆమెకి ఇంకా మండింది.

“ఈయన ఇక్కడుంటే నేను బండి తీసుకెళ్లిపోతాను.”

ముజీబ్ ఇబ్బందిగా చూశాడు. “చాచా, నువ్వింక ఎల్లిపో. రేపట్నుంచి రావద్దు.”

గఫూర్ లేచాడు. “ఈ పాతది నాను పట్టుకెళ్దునా అమ్మా?”

“ఆ చెత్త ఎవరిక్కావాలి? పట్టుకెళ్లండి!”

దాన్ని చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా సందు మలుపు తిరిగిపోయాడు.

సాయంత్రం కారు చూసి నాన్న మురిసిపోతాడనుకుంది. సన్యాసిరాజు కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“పాతదేదే?”

“షాపులో ఒక ముసలాయన అడిగి మరీ పట్టుకెళ్లాడు. వేళ్లు సరిగ్గా లేవు, పని చేతకాదు. తలనొప్పులొస్తాయా అని నన్నడుగుతాడు! ఏం మనిషో.”

“ఏ సెయ్యి?”

“కుడి చెయ్యి. ఎందుకు?”

“ఫోన్ సెయ్ షాపుకి. బేగి!”

ముజీబ్ గొంతు విసుగ్గా వినిపించింది. “మీరే కదా మేడమ్ పంపీమన్నారు? ఆయనకి ఫోన్ నేదు. ఇల్లెక్కడో నాకూ తెలీదు.”

సన్యాసిరాజు డ్రైవర్ సీట్లో కూలబడ్డాడు.

“అది ఎండకి పగల్లేదే. నువ్వు సంటిదానివి, ముందు సీట్లో నిలబడి ఉన్నావు. దువ్వాడ స్టేషన్ కాడ వానలో ఎవరో సెయ్యెత్తితే నీ పక్కనే ఎక్కించుకున్నాను. కాసేపటికే ఆగున్న లారీని గుద్దేసినాను. ఆస్పత్రిలో నీ గాబరాలో నానుంటే, పేరైనా సెప్పకండా ఎల్లిపోనాడు.”

జ్యోతిర్మయి కొత్త ప్యాడ్ మీది గీత వైపు చూసింది.

“ఎప్పుడైనా మన బండి కంటపడితే, ఆ పగులు సూసి ఆగుతాడని దాన్నలాగే ఉంచినాను. నీ తలకాయకీ డ్యాష్‌బోర్డుకీ మద్దెన తన సెయ్యి ఎట్టి, వేళ్లు ఇరగ్గొట్టుకున్నోడమ్మా ఆయన.”