ఆపేసిన ఇంజను

"అక్టోబరు నుంచి ఆగకుండా తిరుగుతున్న ఇంజను, అత్తయ్యా! మైనస్ యాభై డిగ్రీల ఈ చలిలో ఆపితే మే నెల దాకా కదలదని మీకు తెలియదా?"

తుయారా బండి మీది మందపాటి కంబళి తొలగించి, లోపల కూర్చుని మళ్లీ తాళం తిప్పింది. చప్పుడు లేదు. ఇప్పుడు ఊళ్లో ఉన్నది ఆ ఒక్క బండే.

గుమ్మంలో మత్ర్యోనా తోలుకోటు సర్దుకుంది. "తెలిసే ఆపాను. మీ అమ్మ ఏటా పోతానంటుంది, పోయిందా?"

"ఈసారి నిజమే. చివరి చూపైనా..."

"నువ్వెళితే పొయ్యిలో కట్టెలు మీ తాత పెడతాడా?"

ప్రయాణానికి ముందు దారి దేవతకు నైవేద్యం పెట్టాలని కాల్చిన అట్టు తుయారా ఒడిలోనే చల్లారింది. ఆ దేవత ఈ మాటలు వింటోందో లేదో!

ఇంతలో మత్ర్యోనా ఫోను మోగింది. ఆమె కొడుకు, తుయారా భర్త మిచిల్ గొంతు చలికి వణుకుతోంది. "అమ్మా, గడ్డకట్టిన లేనా నది మీద లారీ ఆగిపోయింది. కాళ్లకు స్పర్శ తెలియడం లేదు. తుయారాని బండేసుకుని రమ్మను, త్వరగా!"

"తియ్యవే బండి!" మత్ర్యోనా కేక పెట్టింది.

తుయారా బండి దిగి తాళం అత్త అరచేతిలో పెట్టింది.

మత్ర్యోనా తన తోలుకోటు విప్పి, చల్లబడిన ఇంజను మీద కప్పి, "లే నాయనా, లే" అని బతిమాలసాగింది.