తాగుతున్నాడట

సీసా అడుగు తడిసింది. అంతే.

నర్సు దాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

"ఇవి వాడికి ఏ మూలకి?" అంది తల్లి.

"పెదాలకి రాస్తానమ్మా. అదీ మంచిదే."

పాలు పిండుకునే ఆ గదిలో రెండు కుర్చీలు, ఒక పంపు, ఒక సింకు ఉన్నాయి. గోడకు అవతల అద్దాల పెట్టెలో ఆమె కొడుకు ఉన్నాడు.

నెలలు నిండకుండా పుట్టాడు. కాన్పులో తల్లికి రక్తం ఆగలేదు. ఆమె కళ్లు తెరిచేలోగా బిడ్డకు డబ్బా పాలు పట్టారు. పొట్ట ఉబ్బింది. పచ్చగా కక్కాడు. పేగు దెబ్బతింటోందన్నాడు డాక్టరు. మళ్లీ డబ్బా పాలు పడితే ప్రాణం మీదికి వస్తుందన్నాడు.

తల్లిపాలే పట్టాలి. తల్లి దగ్గర పాలు లేవు.

"ఫ్రిజ్‌లో వేరే తల్లులు ఇచ్చినవి ఉన్నాయి. వాటితో నెట్టుకొస్తున్నాం," అంది నర్సు. "మీరు దిగులుపడకండి. దిగులుపడితే వచ్చేవి కూడా రావు."

తలుపు తెరుచుకుంది.

"వచ్చిందండీ మన డెయిరీ!"

అని తనను తానే అనుకుని నవ్వుతూ, శాలువా కప్పుకున్న ఒకావిడ లోపలికి వచ్చింది.

రోజూ వస్తుంది. పక్క కుర్చీలో కూర్చుని పంపు పెట్టుకుంటుంది. మాట్లాడుతూ ఉండగానే సీసా నిండుతుంది. ఇంకో సీసా అడుగుతుంది.

ఆవిడ ఉన్నంతసేపూ తల్లి సింకు వైపు చూస్తూ కూర్చునేది.

"ఎలా ఉన్నాడు?" అని నర్సును అడిగింది ఆవిడ.

"తాగుతున్నాడక్కా. నిన్నటికంటే ఎక్కువే."

ఆవిడ తల్లి వైపు తిరిగింది.

"తాగుతున్నాడట."

"మంచిది," అంది తల్లి.

"నిన్న కక్కలేదట కూడా."

"ఊఁ."

"ఎవరి పోలికో ఏమో. నేను మొహం చూళ్లేదు."

తల్లికి ఒళ్లు మండింది. ఇంత దూరం వచ్చి, ఇన్ని సీసాలు నింపి, గోడ అవతలికి వెళ్లి కన్నబిడ్డ మొహం చూడదా ఈ మనిషి? తనైతే నిలబడే ఓపిక లేకపోయినా, నర్సు బయటికి పంపేదాకా ఆ అద్దానికి అతుక్కుపోయే ఉంటుంది.

సాయంత్రం భర్త ఫోన్ చేశాడు. సెలవు అయిపోయి వేరే ఊళ్లో పనిలోకి వెళ్లిపోయాడు.

"ఇవాళైనా వచ్చాయా?"

"లేదు."

"పక్కావిడకి బాగా వస్తాయన్నావుగా. ఏం తింటుందో అడగరాదూ?"

ఆమె ఫోన్ పెట్టేసింది.

మర్నాడు శాలువా ఆవిడ కూర్చుంటూనే మొదలుపెట్టింది.

"బరువు పెరిగాడట."

"మీరు కాస్త ఆపుతారా?"

ఆవిడ ఆగింది.

"మీవాడి ముచ్చట్లు మీ ఇంట్లో చెప్పుకోండి. నా కొడుకు అక్కడ చావుబతుకుల్లో ఉన్నాడు. ఎవరెవరివో పాలు పోసి బతికిస్తున్నారు. నేను చుక్క ఇవ్వలేకపోతున్నాను. నా పక్కన కూర్చుని తాగుతున్నాడు, పెరిగాడు అంటే నాకెలా ఉంటుంది?"

ఆవిడ పంపు కట్టేసింది. నర్సు వైపు చూసింది. నర్సు తల దించుకుంది.

"తప్పయింది చెల్లీ," అంది ఆవిడ. "ఇంక అనను."

లేచి, తన కుర్చీని గోడ వైపు తిప్పుకుంది.

ఆ తర్వాత కూడా రోజూ వచ్చింది. సీసాలు నింపింది. వెళ్లేటప్పుడు నర్సును గుమ్మం బయటికి పిలిచి ఏదో అడిగేది. నర్సు తల ఊపేది. గదిలో పంపు చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు.

ఆసుపత్రిలో తనను కూర్చోబెట్టి కబుర్లు చెప్పిన మనిషి ఆవిడ ఒక్కతేనని తల్లికి అప్పుడు తెలిసింది. అయినా తను కదిలించలేదు. ఏమని కదిలిస్తుంది?

మెల్లగా పాలు పడ్డాయి. ఒకరోజు సీసా సగానికి వచ్చింది. తర్వాత నిండింది.

"ఇక వాడికి మీవే చాలమ్మా," అంది నర్సు.

శాలువా ఆవిడ రావడం మానేసింది. బాబును ఇంటికి తీసుకెళ్లిపోయి ఉంటుందనుకుంది తల్లి.

తనూ ఇంటికి వెళ్లే రోజు వచ్చింది. బాబు రొమ్ము పట్టి తాగి, ఒళ్లో నిద్రపోయాడు. నర్సు వాడి బట్టలు మడత పెడుతోంది.

"ఆవిడ ఎప్పుడొస్తుంది? ఒక మాట చెప్పాలి."

"రారమ్మా. వేరే ఊరు వెళ్లిపోయారు."

"ఏ ఊరు?"

"చెప్పలేదు."

"పోనీలే. వాళ్లబ్బాయి బాగున్నాడా?"

"ఏ అబ్బాయి?"

"అదే, తాగుతున్నాడట, పెరిగాడట అనేది కదా."

నర్సు చేతిలో బట్ట అలాగే ఉండిపోయింది.

"ఆవిడకి పుట్టింది ఆడపిల్లమ్మా. పుట్టిన పూటే పోయింది."



"మరి ఆ పాలు?"

"ఎవరు ఇస్తున్నారో, ఎవరు తాగుతున్నారో చెప్పకూడదు. ఇక్కడి పద్ధతి అది. తన పాలు ఎవరు తాగుతున్నారని ఆవిడ రోజూ ప్రాణం తీస్తుంటే, తాగేది మగపిల్లాడని నోరు జారాను."

"వేరే తల్లులు ఇచ్చారన్నావుగా?"

"ఒక్కరే అంటే ఎవరని అడుగుతారుగా."

తల్లి ఒళ్లో పిల్లాడిని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

"ఆవిడకి తెలుసా?"

"నేను చెప్పలేదు. మీరు కేకలేసిన రోజు ఆవిడకే అర్థమైంది. బయటికొచ్చి నన్ను ఒకటే అడిగింది."

"ఏమని?"

నర్సు వంగి, నిద్రపోతున్న వాడి మూతి తుడిచింది.

"'వాడిది వాళ్లమ్మ పోలికేనా?' అని."