ఇంటి సాలు

పొలంలోకి దిగే ముందు మా కోడలు హన్విక మోచేతుల దాకా నూనె రాసుకుంటుంది. అడవిజాతి దుంపతో కలిపి పుట్టించిన ఈ ఆలుగడ్డ ఆకుల మీద జిగురు నూగు ఉంటుంది. వాలిన పురుగు అక్కడే అంటుకుని చస్తుంది. మా జహీరాబాద్ వైపు ఇప్పుడెవరూ పురుగుమందు కొట్టరు. ఆ మందుల దుకాణాల్లో చేతులకు రాసుకునే కొబ్బరినూనె అమ్ముతున్నారు.

అయినా నేను ఏటా ఒక సాలుకు గుర్తుగా కర్ర పాతుతాను. మందు కొట్టే రోజుల్లో అది ఇంటి తిండికని మందు కొట్టకుండా వదిలిన సాలు. ఆ సాలు గడ్డలనే నా భార్య అంజవ్వ పొట్టుతో కాల్చి పెట్టేది. మిగతా సాళ్లకు మందు కలిపీ కలిపీ ఆమె పోయింది. ఇరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చిన ఈ విత్తనాన్ని నేను క్షమించలేదు. కర్ర లేని సాలు గడ్డ ఇన్నేళ్లూ నోట పెట్టలేదు.

నిన్న గట్టు మీద హన్విక ఆలుగడ్డలు కాల్చింది. రెండు తిన్నాక అడిగాను.

"ఏ సాలువి?"

"చేతికందిన సాలువి మామా. నీ కర్ర గీ మంట్లనే వెట్టిన."

"అడగొద్దా?"

"అడిగితే ఇస్తుంటివా?"

ఇచ్చేవాణ్ణి కాదు. మూడో గడ్డ తీసుకున్నాను. అది బాగా కాలింది. పొట్టుతోనే తిన్నాను.