ఒపల్ వేలిముద్ర

వెండెల్ సుత్తి ఎత్తి మూడో పెట్టె మీద దబ్బున మోదాడు. మొదటి రెండూ అప్పటికే మూతలు ఊడిపోయి, తుపాకుల కొట్టు వెనక పెరట్లో పడి ఉన్నాయి.

"పిస్తోలు పెట్టె కొనడానికొచ్చారా పెద్దాయనా, నా కొట్టు కూల్చడానికొచ్చారా?" అన్నాడు కొట్టు యజమాని రాస్కో.

"పగిలినవన్నీ నావేలే."

ఈసారి మూత సందులో గునపం దూర్చి, మెడనరాలు ఉబ్బేలా తిప్పాడు. అరచెయ్యి చీరుకుని నెత్తురు కారింది. మూత మాత్రం కదల్లేదు.

"ఇది ఇవ్వు."

"ముద్ర ఎక్కించిన వేలు ఆనిస్తే చాలు, చటుక్కున తెరుచుకుంటుంది, ఇంకెవరికీ తెరుచుకోదు. మీ వేలు ఇలా పెట్టండి."

"నాది వద్దు. దీనిది పెట్టు," అంటూ భార్య ఒపల్‌ని ముందుకు లాగాడు.

"ఇద్దరివీ పెట్టొచ్చు. దొంగ వచ్చినప్పుడు..."

వెండెల్ ఆమె తలకున్న రుమాలు తొలగించాడు. చెవి పైన తూటా రాసుకుపోయిన గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

"ఈమధ్య మనుషుల్ని మరిచిపోతున్నాను అబ్బాయ్. మొన్న వంటింట్లో దీన్ని చూసి, ఎవరో దొంగనుకుని కాల్చాను."

రాస్కో మెల్లగా అడిగాడు. "అయితే ఆ పిస్తోలు అమ్మేయొచ్చుగా?"

"రేపు నేను కత్తి పట్టుకుని మీద పడితే? ఊరికి దూరంగా ఆ ఇంట్లో దీనికి అడ్డమొచ్చేదెవరు?"

"నిన్ను నేను కాల్చను," ఒపల్ ఏడ్చేసింది.

"ఆ రోజు నీ మీద పడేది నేను కాదే, పిచ్చిదానా," అన్నాడు వెండెల్, ఆమె వేలు పట్టుకుని పెట్టె మీద గట్టిగా నొక్కుతూ.