అవునని నొక్కిన అర్జీ

జారి వేలాడుతున్న కరెంటు తీగ తగిలి సోమవారం సుగుణమ్మ పోయింది. గురువారం ఆమె భర్త దేవసహాయం సారు ధర్మవరంలోని ఇంటర్నెట్ సెంటరుకు వచ్చాడు.

“ఆ తీగ గురించి మా ఇంటామె రెండు నెల్ల కిందట ఈడే కంప్యూటర్లో అర్జీ పెట్టింది. దాని కాపీ ఇయ్యి పాపా. మా వీధోళ్లు కలెక్టరు కాడికి పోతామంటాండారు. నన్ను ఫిర్యాదు రాయమన్నారు. పట్టించుకోని ఆఫీసర్లను ఊరికే ఇడుస్తామా?”

సెంటరు నడిపే హేమావతి అర్జీ నంబరు కొట్టింది. తెర మీద సుగుణమ్మ పేరు కింద ‘పరిష్కారమైంది. అర్జీదారు తృప్తి చెందారు’ అని వచ్చింది.

“ఎవురు రాసినారీ అబద్ధం?”

“అమ్మే నొక్కింది సార్. ‘త్వరలో చూస్తాం’ అని కరెంటాఫీసోళ్ల జవాబొచ్చింది. తృప్తిగా ఉందా అని కింద అడిగినారు. కాదని నొక్కమ్మా, అవునంటే అర్జీ మూసేస్తారు అని నేను మొత్తుకున్నా. ‘మా సారును అడిగి నొక్కుతా’ అని ఈడి నుంచే బడికి ఫోన్ చేసింది. మాట్లాడినాక అవునని నొక్కేసింది.”

దేవసహాయానికి ఆ ఫోను గుర్తుకొచ్చింది. ఆ రోజు బళ్లో పరీక్ష పేపర్లు దిద్దుతూనే ఆయన జవాబిచ్చాడు.

“అంత మర్యాదగా రాసినోళ్ల ముఖాన కాదంటే బాగుంటాదా? అవునను. అప్పుడే పని చేస్తారు.”

అవతల సుగుణమ్మ, “మీరు చెప్తే సరే” అంది.

“ప్రింటు తీయనా సార్?” హేమావతి మెల్లగా అడిగింది.

ఆయన తలూపాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వీధిలోకి నడిచాడు.

వారం దాటింది. ఫిర్యాదు ఆయన ఇంకా రాయలేదు.